జ్వరశేషం



ఉదయం అర్చన ముగిసిన తరువాత దేవస్థాన ముఖమండపంలో కొంతసేపు కూర్చుని, వచ్చినవారి ధర్మసందేహాలకు తెలిసినంత సమాధానం చెప్పడం ఉద్యోగవిరమణ తరువాత నాకు అలవాటైనది. వానకాలం వెళ్లి కార్తికం వచ్చేసరికి ఒకే ప్రశ్న పలువురి నోట వినబడుతుంది. "పంతులుగారూ, విషజ్వరం వచ్చి తగ్గి రెండు నెలలైనది. మొక్కు ఉన్నది. నడిచి కొండ ఎక్కుదామంటే వంద మెట్లకే కాళ్లు తేలిపోతున్నాయి. ఇంట్లోవారు బద్ధకమంటున్నారు. స్వామికి నా మీద దయ తప్పినదా?"

ఈ ప్రశ్నకు వైద్యులు ఒక సమాధానం చెబుతారు, మన శాస్త్రం ఒక సమాధానం చెబుతుంది. చిత్రమేమంటే రెండూ ఒకచోటికే చేరుతాయి. జ్వరం దిగడం వేరు, రోగం విడవడం వేరు. ఈ రెంటి నడుమ ఉండే కాలాన్ని జ్వరశేషం అనవచ్చును. దానిని గురించి ఈ నెల నాలుగు మాటలు మనవి చేస్తాను. నేను వైద్యుడను కాను. వ్యాకరణ సాహిత్యాలు చదువుకొని, పిల్లలకు పాఠం చెప్పి బ్రతికినవాడను. వైద్యులను అడిగి తెలుసుకొన్నది, గ్రంథాలలో చూచినది, ఇంటిలో అనుభవించినది కలిపి చెబుతున్నాను.

మా ఇంటి సంగతి

అనుభవించినదే ముందు చెప్పవలెను. అది దాచుకొని ఇతరులకు హితవు చెప్పే అర్హత నాకు లేదు.

2006వ సంవత్సరంలో మన రాష్ట్రమంతటా చికున్‌గున్యా ప్రబలినది. మా ఇంటిలో అది నా భార్యకు సోకినది. మూడు రోజులు ఒళ్లు కాలిపోయే జ్వరం, ఒంటినిండా దద్దుర్లు, కీళ్లు పట్టుకొని మంచం దిగలేని స్థితి. నాలుగవ రోజుకు జ్వరం దిగినది. గండం గడిచినదనుకొన్నాము.

నెలన్నర తరువాత మా తండ్రిగారి ఆబ్దికం వచ్చినది. ఆమె తెల్లవారుజామున లేచి మడి కట్టుకొని వంటకు పూనుకొన్నది. తడిబట్ట పిండుకోవడానికి మణికట్లు తిరగలేదు. పొయ్యి మీది అన్నం గిన్నె దించబోయి, చేతులు పట్టుతప్పి, మసిగుడ్డలు పట్టుకొని నిలబడిపోయినది. భోక్తలు వచ్చే వేళ అవుతున్నదన్న ఆదుర్దాలో నేను, "జ్వరం దిగి నెలన్నర అయినది కదా! శ్రద్ధ ఉంటే చేతులు వాటంతట అవే ఆడతాయి" అన్నాను. ఆమె మారు పలుకలేదు. గిన్నెను రెండు ముంజేతుల నడుమ ఇరికించుకొని దించినది. ఆమె వేళ్లు మామూలుగా ముడుచుకోవడానికి తొమ్మిది నెలలు పట్టినది. నేనన్న మాటలోని అన్యాయం నాకు తెలియడానికి పదిహేనేళ్లు పట్టినది.

2021 వేసవిలో నాకు కరోనా సోకినది. ఆసుపత్రికి వెళ్లే అవసరం లేకుండానే పది రోజులలో జ్వరం, దగ్గు తగ్గినాయి. తగ్గిపోయినదని అందరికీ చెప్పుకొన్నాను. నెల తిరిగిన తరువాత ఒకనాడు సంధ్యావందనానికి కూర్చుంటే సంకల్పం మధ్యలో ఆగిపోయినది. ఎనిమిదవ ఏట నేర్చి, అరవై ఏళ్లకు పైగా నోట నడిచిన మాటలు అవి. అమరకోశంలో ఒక శ్లోకం పూర్వార్ధం వస్తే ఉత్తరార్ధం రాదు. స్నానం చేసి వస్తే చాలు, పొలం దున్ని వచ్చినంత అలసట. నేర్చిన విద్య నోటికి రాకుండా పోతున్నదని నాలో నేనే భయపడి, ఎవరికీ చెప్పుకోలేక మూగవాడినైనాను.

ఆబ్దికంనాటి నా మాటను నాకే తిప్పి చెప్పే అవకాశం నా భార్యకు అప్పుడు వచ్చినది. ఆమె ఆ మాట అనలేదు. సంధ్యావందనం పుస్తకం, కళ్లజోడు తెచ్చి ముందు పెట్టి, "చూచి చదవండి. మీకు ఒంట్లో బాగాలేదని ఆయనకు తెలియదా?" అన్నది.

వైద్యులు చెప్పేది

విషజ్వరాలు అనేకం. ఒక్కొక్కటి విడిచిపోయే తీరు ఒక్కొక్క విధం.

చికున్‌గున్యాను మొదట 1952లో, నేటి టాంజానియా దక్షిణ ప్రాంతంలో గుర్తించినారు. ఆ పేరు అక్కడి మకోండే భాషలోని మాట. వంగి ముడుచుకుపోవడమని దాని భావం. కీళ్ల నొప్పితో మనిషి వంగిపోయే తీరును బట్టి ఆ పేరు వచ్చినది. మన దేశంలో 1963లో కలకత్తాలోను, ఆ వెనువెంటనే మదరాసు, విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడలలోను కనబడినది. 1973 తరువాత మూడు దశాబ్దాలు అణగి ఉండి, 2005 చివర మళ్లీ తల ఎత్తినది. 2006లో దేశం మొత్తం మీద సుమారు 13.9 లక్షల మందికి ఈ జ్వరం సోకినట్లు అనుమానించి లెక్క కట్టినారు. ఇది పగటిపూట కుట్టే ఏడిస్ దోమ వలన వస్తుంది. జ్వరం వారంలోపే దిగుతుంది. కీళ్ల నొప్పులు మాత్రం కొందరికి వారాలు, కొందరికి నెలలు, మరికొందరికి ఏళ్ల తరబడి ఉంటాయి. ఉదయం లేచిన వెంటనే వేళ్లు బిగుసుకొని ఉండడం, వాపు రావడం దాని గుర్తులు.

అదే దోమ తెచ్చే డెంగ్యూలో ఇంకొక విశేషమున్నది. జ్వరం దిగిన తరువాతి 24 నుండి 48 గంటలే అందులో అత్యంత ప్రమాదకరమైన కాలం. ఆ సమయంలో తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుండి గాని ముక్కు నుండి గాని రక్తం, విపరీతమైన నీరసం, స్థిమితం లేకపోవడం కనబడితే ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవలెను. ఒళ్లు చల్లబడినదని సంతోషించి ప్రయాణం కట్టడం ఈ జ్వరం విషయంలో ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఆ గడియ దాటినవారికి కూడా నీరసం కొన్ని వారాలు ఉండవచ్చును.

చిన్ననాడు అమ్మవారు పోసినవారి సంగతి మరీ ఆశ్చర్యం. పొక్కులు మాని, స్నానం పోసిన తరువాత కూడా ఆ వైరస్ నరాల మూలాలలో నిద్రాణమై ఉంటుంది. నలభై, యాభై ఏళ్లకు, శరీరబలం తగ్గినప్పుడు, ఒంటికి ఒక పక్కన సర్పిగా బయటపడుతుంది. సర్పి పొక్కులు ఎండిన తరువాత కూడా ఆ చోట మంట, పోటు నెలల తరబడి నిలిచేవారున్నారు. వయస్సు పైబడినకొద్దీ ఆ బాధ ఎక్కువ. యాభై దాటినవారికి దీనిని నివారించే టీకా ఉన్నది. వైద్యుని అడిగి తెలుసుకోవచ్చును.

కరోనా విషయానికి వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులో దాని శేషానికి ఒక నిర్వచనం చేసినది. వ్యాధి మొదలైన నాటినుండి మూడు నెలల నాటికి కనబడుతూ, కనీసం రెండు నెలలు నిలిచి, మరే ఇతర రోగం వలన వచ్చినవని చెప్పడానికి వీలులేని లక్షణాలే కరోనా అనంతర స్థితి. అలసట, ఆయాసం, జ్ఞాపకం మందగించడం అందులో ముఖ్యమైనవి. కరోనా సోకిన ప్రతి నూరుమందిలో సుమారు ఆరుగురికి ఇది కలుగుతున్నదని ఆ సంస్థ అంచనా. వ్యాధి స్వల్పంగా వచ్చి పోయినవారికి కూడా రావచ్చును. ఈ నిర్వచనం మా వైద్యుడు చదివి వినిపించిన రోజున నాకు సగం భయం తీరినది. నేనొక్కడినే కాదని, నా బుద్ధికి తెగులు పుట్టలేదని తెలిసినది. తొమ్మిది, పది నెలలకు మాటలు మెల్లమెల్లగా తిరిగి వచ్చినాయి.

శేషం ఎందుకు మిగులుతుంది

కారణం ఒకటే అని వైద్యశాస్త్రం చెప్పడం లేదు. కొన్నింటిని పరిశీలిస్తున్నది. శత్రువు పారిపోయిన తరువాత కూడా ఆయుధం దించని సైన్యం వలె, శరీరంలోని రక్షణశక్తి వైరస్ పోయినా శాంతించక తన కణాలనే బాధించడం ఒకటి. వైరస్ శకలాలు కొన్ని అవయవాలలో మిగిలి ఉండడం ఒకటి. గుండె వేగాన్ని, రక్తపోటును, జీర్ణాన్ని మన ప్రమేయం లేకుండా నడిపే నాడీవ్యవస్థ లయ తప్పడం ఇంకొకటి. కూర్చున్నవాడు లేచి నిలబడగానే గుండె దడదడలాడి కళ్లు తిరగడం ఈ మూడవదాని ఫలం. వీటిలో ఏదీ కల్పన కాదు, బద్ధకమూ కాదు. సాధారణ రక్తపరీక్షలో ఏమీ కనబడనంత మాత్రాన బాధ లేదనరాదు.

ముఖ్యంగా తెలుసుకోవలసినది ఒకటున్నది. ఇటువంటి స్థితిలో కొందరికి శ్రమఫలం వెంటనే కనబడదు. ఈ రోజు బాగున్నదని నాలుగు పనులు చేస్తారు. అప్పటికి ఏమీ కాదు. 12 గంటలకో, 48 గంటలకో కూలబడిపోతారు. ఆ పడిపోవడం రోజులు, వారాలు ఉండవచ్చును. శరీర శ్రమే కాదు, ఎక్కువసేపు చదవడం, లెక్కలు చూడడం, నలుగురితో మాట్లాడడం కూడా ఇందుకు కారణం కావచ్చును. అప్పు చేసి పండుగ చేసుకొన్నవానికి మరునాడు వడ్డీతో సహా లెక్క ముందుకు వచ్చినట్లే ఇది. ఇటువంటివారికి "కాస్త పట్టుదలతో నడిస్తే అదే అలవాటవుతుంది" అన్న ఉపదేశం మేలు చేయదు, కీడు చేస్తుంది.

చరకుడు చెప్పిన లక్షణం

చరకసంహిత చికిత్సాస్థానంలో మూడవ అధ్యాయం జ్వరచికిత్స. అందులో అగ్నివేశుడు గురువైన పునర్వసు ఆత్రేయుని జ్వరం గురించి అనేక ప్రశ్నలు అడుగుతాడు. జ్వరం ఎందుకు వస్తుంది, ఎలా పోతుంది అన్నవాటితో శిష్యుడు ఆగలేదు. జ్వరం విడిచినవానిని ఎంతకాలం, వేటి నుండి కాపాడుకోవలెను, అణగిన జ్వరం ఏ కారణాల వలన తిరిగి వస్తుంది అని కూడా అడిగినాడు. విడిచిన తరువాతి కాలాన్ని కూడా చికిత్సలో భాగంగా చూచిన దృష్టి అది.

జ్వరం దేహంతో పాటు ఇంద్రియాలను, మనస్సును కూడా తపింపజేస్తుందని ఆచార్యుని మతం. అందువలన జ్వరం పూర్తిగా విడిచిన మనిషి ఎవరు అన్నదానికి ఆయన చెప్పిన గుర్తులు కూడా కేవలం ఒంటి వేడికి సంబంధించినవి కావు. తాపం పోవలెను, అలసట పోవలెను, నొప్పి పోవలెను, ఇంద్రియాలు తేటపడవలెను, మనస్సు తన సహజస్థితికి రావలెను. ఇవన్నీ కుదిరినప్పుడే ఆ మనిషిని జ్వరం లేనివాడనవలెను. మనం థర్మామీటరు పెట్టి చూచేది వీటిలో మొదటిది ఒక్కటే. మిగిలిన నాలుగింటిని అడిగేవారు ఇంటిలో ఎవరూ ఉండరు. ఆబ్దికంనాడు నా భార్యకు పోనిది మూడవది. సంధ్యావందనంలో నాకు తేటపడనిది నాలుగవది, అయిదవది. మా ఇద్దరికీ శాస్త్రప్రకారం జ్వరం ఇంకా విడవలేదన్న మాట.

బలం వచ్చేవరకు వ్యాయామం, ఎక్కువ స్నానాలు, తిరుగుడు, బరువైన ఆహారం మానుమని ఆయన హెచ్చరిక. గడువు రోజులలో చెప్పలేదు, బలం వచ్చేవరకు అన్నాడు. ఒకరికి పది రోజులు, ఒకరికి పది నెలలు.

చేయదగినవి, చేయరానివి

లంఘనం పరమౌషధమన్న మాట పట్టుకొని జ్వరం విడిచిన తరువాత కూడా కడుపు మాడ్చుకొనేవారున్నారు. లంఘనం తరుణజ్వరానికి సంబంధించిన మాట. ఆ తరువాత పలుచని జావతో మొదలుపెట్టి, మెత్తని అన్నం, పెసరకట్టు, క్రమంగా మామూలు భోజనం. నేటి వైద్యులు కూడా నీరు, పప్పు, పాలు లోటు రానీయవద్దంటారు. చక్కెరవ్యాధి ఉన్నవారు తమ వైద్యుని సలహాతో ఆహారం నిర్ణయించుకోవలెను.

పనిని ముక్కలుగా విభజించుకొని, అలసట రాకముందే ఆగవలెను. కూర్చుని చేయగలిగిన పనిని నిలబడి చేయనక్కరలేదు. ఏ రోజు ఏమి చేసినది, మరునాడు ఎలా ఉన్నది ఒక పుస్తకంలో వ్రాసుకొంటే మన శక్తి ఎంతవరకో తేలుతుంది. కుంభకం బలవంతంగా పట్టే ప్రాణాయామం ఈ కాలంలో వద్దు. నెమ్మదిగా శ్వాస తీసి విడవడం చాలు.

జ్వరం ఉన్నప్పుడు అది డెంగ్యూ కాదని తేలేవరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు తీసుకోరాదు. రక్తస్రావానికి దారితీయవచ్చును. జ్వరానికి పారాసెటమాల్ తగిన మోతాదులో సరిపోతుంది. కీళ్ల నొప్పులకు వైద్యుని పర్యవేక్షణ లేకుండా స్టెరాయిడ్ సూదులు, పేరు తెలియని పొడులు వాడరాదు.

ప్రతి నీరసాన్నీ జ్వరశేషమనుకొని ఊరకుండడం కూడా పొరపాటే. రక్తహీనత, థైరాయిడ్, చక్కెరవ్యాధి, క్షయ ఇదే రూపంలో కనబడతాయి. రెండు వారాలు మించిన దగ్గుకు ప్రభుత్వ ఆసుపత్రిలో క్షయ పరీక్ష ఉచితంగా చేస్తారు. ఛాతీనొప్పి, కూర్చున్నా ఆయాసం, స్పృహ తప్పడం, ఒక కాలో చేయో పట్టు తప్పడం, మాట తడబడడం, జ్వరం తిరిగి రావడం కనబడితే వెంటనే వైద్యుని చూడవలెను.

మొక్కుల మాట

ఇక మండపంలో అడిగిన ప్రశ్నకు వస్తాను. అలిపిరి దారిన తిరుమల ఎక్కడానికి 3,550 మెట్లు. సింహాచల గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. ఆరోగ్యవంతునికి అవి తపస్సు. జ్వరశేషం ఉన్నవానికి అవి రోగాన్ని తిరిగి పిలవడం. మొక్కు తీర్చుకోవడానికి గడువు కోరడం మొక్కు తప్పడం కాదు. "బలం వచ్చిన తరువాత వస్తాను" అని ఇంటి దేవుని ముందు చెప్పుకొని, ఒక పసుపుగుడ్డలో ముడుపు కట్టి ఉంచండి. అంతవరకు ఆగలేనివారు వాహనంలో వచ్చి దర్శనం చేసుకోవచ్చును. అందులో లోపం లేదు.

వ్రతంలో ఉన్నవాడు ఔషధం పుచ్చుకొన్నా, పాలు, పండ్లు తీసుకొన్నా వ్రతభంగం కాదని మహాభారతం ఉద్యోగపర్వంలో ఉన్నది. నదిలో మునగలేని ఆతురునికి తడిబట్టతో ఒళ్లు తుడుచుకొంటే అదే కాపిలస్నానమని ధర్మశాస్త్రకారులు విధించినారు. నిలబడలేనివాడు కూర్చుని చేయవచ్చును, కూర్చోలేనివాడు పడుకొని మనస్సులో స్మరించవచ్చును. మన పూర్వులు రోగిని దృష్టిలో ఉంచుకొనే విధులు చెప్పినారు.

కుమారసంభవం పంచమసర్గలో ఘోరతపస్సు చేస్తున్న పార్వతి వద్దకు శివుడు వటువు వేషంలో వస్తాడు. కుశలప్రశ్నలలో ఆయన అడిగినది, తపస్సును శక్తికి తగినట్లే చేస్తున్నదా అని. ఎవరి కోసం ఆ తపస్సో ఆ దేవుడే ముందుగా భక్తురాలి శరీరాన్ని గురించి విచారించినాడు. పాఠం చెప్పేటప్పుడు ఈ ఘట్టాన్ని ఎన్నోసార్లు వ్యాఖ్యానించినాను. ఆబ్దికంనాడు వంటింటి గుమ్మంలో నిలబడినప్పుడు నాకు అది జ్ఞాపకం రాలేదు.

కాబట్టి ఇంటి పెద్దలకు నా విన్నపం ఒకటి. జ్వరం దిగిన మనిషిని "ఇంకా ఏమిటి?" అని అడగవద్దు. "అలసట పోయినదా? నొప్పి పోయినదా? మనస్సు కుదుటబడినదా?" అని అడగండి. లేదని చెబితే నమ్మండి. నీళ్లబిందె మీరు ఎత్తండి, గిన్నె మీరు దించండి.

ఈ ఏడాది మా తండ్రిగారి ఆబ్దికానికి అన్నం గిన్నె నేనే దించినాను. చేయి కొంచెం చురుక్కుమన్నది. పక్కన పీట మీద కూర్చుని నా భార్య నవ్వుతూ, "మసిగుడ్డ రెండు మడతలు వేయవలెను" అన్నది. ఇన్నేళ్లకు నేర్చుకొన్నాను.

స్వామి మీ అందరికీ ఆయురారోగ్యాలను, రోగులను అర్థం చేసుకొనే హృదయాన్ని ప్రసాదించుగాక.

స్వస్తి.